పన్నెండు గోగు కట్టెలు

నా చిన్నప్పుడు మా ఇంటికీ ఏటికీ మధ్య పన్నెండు గోగు కట్టెలు ఉండేవి. గోగు నుంచి నార తీసేశాక మిగిలే కట్టెలవి, తెల్లగా, తేలిగ్గా, పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరానివి. మా తాతయ్య వాటిని పశువుల సాల మూల నుంచి ఏటి గట్టు అంచు దాకా, అంగకొకటి చొప్పున వరసగా పాతాడు. చూసినవాళ్లు ఏటికి కంచె కడుతున్నావా అని నవ్వారు. ఆయన కట్టింది కంచె కాదు. ఏరు మా మీదికి ఎంతెంత వస్తోందో తెలుసుకోవడానికి పెట్టుకున్న కొలత. రోజూ పొద్దున్నే వెళ్లి ఎన్ని కట్టెలు మిగిలాయో చూసి చెప్పే పని నాకు అప్పగించాడు. అప్పటికే ఆయన కళ్లకు పొరలు కమ్మాయి, నాలుగడుగుల దూరంలో మనిషి ఉంటే ఉన్నాడని తెలిసేదే తప్ప ఎవరో తెలిసేది కాదు.

నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. మా నాన్నకి కొత్తవలసలో రైల్వే పని. అమ్మ, చంటి తమ్ముడు అక్కడే ఉండేవారు. నన్ను మాత్రం మా మామ్మ, అంటే నాన్న తల్లి, తన దగ్గరే ఉంచుకుంది. మాది నాగావళి ఒడ్డు. బడి పుస్తకంలో నాగావళి అని ఉండేది గానీ మేమెవ్వరం ఆ పేరు పలికేవాళ్లం కాదు, ఏరు అంటే చాలు. తాతయ్యకి ఏటి పక్కన రెండెకరాల మెట్ట ఉండేది. అందులో గోగు వేసేవాడు. నార కట్టలు కట్టి బండెక్కిస్తే నెల్లిమర్ల మిల్లుకు పోయేది. నాకు ఊహ తెలిసేసరికే ఆ మెట్టలో సగం ఏట్లో ఉంది. మిగతా సగం రెండు వానాకాలాల్లో పోయింది. మేం పాతిన కట్టెలు ఆ చేలో ఆఖరి పంటవే.

మా వైపు ఎంత కోసేస్తే అవతలి వైపు అంత ఇసుక మేట వేసేది. అక్కడ ఏటా పెరిగే తిప్ప మీద అవతలి ఊరివాళ్లు పుచ్చ పాదులు, దోస పాదులు పెట్టేవారు. వేసవిలో ఆ పచ్చదనం కనిపిస్తే చాలు, మా మామ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి తిట్లు లంకించుకునేది. "మా సేను మీద కాయలు కాయించుకుంటన్నారు, ఆల్ల కడుపు కాల!" అనేది. సాయంత్రానికి వాళ్లే పడవ మీద రెండు పుచ్చకాయలు పంపితే కోసి నాకు పెట్టేది కూడా ఆవిడే.

ఒకనాడు తాతయ్య నన్ను రేవులోకి తీసుకెళ్లాడు. మోకాలి లోతు నీళ్లలో కదలకుండా నిలబడమన్నాడు. "మడం కింద ఏటవుతన్నాదో సెప్పు" అన్నాడు. కాసేపటికి మడమల కింద నుంచి ఇసుక జారిపోవడం మొదలైంది. చక్కిలిగింతలు పెట్టినట్టుండి నవ్వాను. ఇంకాసేపటికి పాదాలు వెనక్కి ఒరిగి, పడిపోతానేమోనని ఆయన పంచె పట్టుకున్నాను. అప్పుడు నీళ్లలో చెయ్యి పెట్టి నా పాదాల దిగువన తడమమన్నాడు. అక్కడ పిడికెడంత ఇసుక కుప్ప పోసి ఉంది.

"ఏరు ఏటీ మింగదే గుంటా. ఇక్కడ తీస్తాది, అక్కడ పెడతాది. ఇసక మోసుకుంటా ఎల్లినంత సేపూ దాని కడుపు నిండినట్టే, నెమ్మదిగా ఎల్తాది. మొయ్యడానికేటీ లేకపోతే ఆకలేస్తాది. ఆకలేసిన ఏరు ఒడ్డుని తింటాది."

ఆ మాట నాకు అప్పుడు కథలా అనిపించింది. ఏటికి ఆకలేమిటి, రాకాసి కాబోలు అనుకున్నాను. ఆయన కథలు చెప్పే మనిషి కాదని తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

మా గట్టు చూడడానికి భలే గట్టిగా ఉండేది. ఎండినప్పుడు గునపం దిగని మట్టి. అదంతా పైపై సంగతి. నిలువెత్తు మట్టి కింద వట్టి ఇసుక పొర ఉందని, ఏరు దాన్నే తొలుస్తుందని, పైనున్న మట్టి ఇంటి చూరులా నీళ్ల మీదికి వేలాడుతుందని తాతయ్య చెప్పాడు. వరద ఉన్నన్నాళ్లూ నీళ్లే దాన్ని ఆనుకుని నిలబెడతాయి. వరద తీశాక, నానిన బరువుతో ఉన్నపళంగా విరుగుతుంది. అందుకే ఆయన ఒక కట్టుబాటు పెట్టాడు. ఐదు కట్టెలు మిగిలితే ఆవుని వేరే చోటికి తోలెయ్యాలి. మూడు మిగిలితే మేమూ మూటాముల్లె సర్దుకోవాలి. ఎవరేమన్నా ఆగకూడదు.

ఆగాలన్నది మా మామ్మ. ఆవు చూడిది, నెలలు నిండాయి. నిండు చూలుతో ఉన్న ఆవుని సాల మార్చకూడదని ఆవిడ పట్టు. మారిస్తే దూడ దక్కదని మా వైపు పెద్దలంతా అనే మాటే అది. తోలాలంటే గజపతినగరం దగ్గర ఆవిడ పుట్టింటికి తోలాలి, వాళ్లకి తప్ప మరొకరికి పశువునిచ్చే ధైర్యం ఆవిడకి లేదు. పైగా ఆ ఈతలో పుట్టే దూడ నాదని నాకు మాటిచ్చారు. దానికి పేరు కూడా పెట్టేసుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను.

వానలు మొదలయ్యాయి. వినాయక చవితికి పది కట్టెలున్నాయి. తర్వాత ఏరు రంగు మారింది, ఎర్రటి ఒండ్రుతో చిక్కగా, చప్పుడు లేకుండా పోయేది. ఎనిమిదయ్యాయి, ఏడయ్యాయి. పొద్దున్నే నేను పరిగెత్తుకొచ్చి లెక్క చెబితే తాతయ్య తల ఊపేవాడు. మామ్మ మాత్రం చేస్తున్న పని ఆపి గోడకి ఆనుకునేది. ఆరు అని చెప్పిన రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. ఆవు మెడ కింద నిమురుతూ సాలలోనే కూచుంది, చీర చెంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి ఐదే ఉన్నాయి.

నేను అక్కడ నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను. తర్వాత పొయ్యి దగ్గరి మోపులోంచి ఒక కట్టె లాక్కొచ్చాను. ఉన్నవి పీకి, కాస్త దగ్గర దగ్గరగా జరిపి, ఆరు పాతాను. నానిన మట్టి, చిన్నపిల్ల చేతికి కూడా తేలిగ్గా దిగాయి. వెళ్లి ఆరు అని చెప్పాను. మామ్మ ముఖం వెలిగింది. ఆ పూట నాకు బెల్లం ముక్క కూడా పెట్టింది.

ఇదంతా మామ్మ ఏడవకూడదనే చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. దూడ మా ఇంట్లోనే పుట్టాలి, నేనే ముందు ముట్టుకోవాలి, ఇదే నా అసలు దురాశ. డెబ్బై దాటిన దాన్ని, ఇంకా ఎవరి దగ్గర దాచాలి?

ఆ మర్నాడు మళ్లీ ఒకటి పోయింది. మళ్లీ జరిపి ఆరు చేశాను. ఆ పైరోజూ అంతే. అబద్ధానికి ఒకసారి అలవాటు పడితే అదేమంత కష్టం కాదు, లెక్కలు రానివాళ్లకి కూడా వచ్చేస్తుంది. మూడో రోజున సాల గోడ దగ్గర నేల మీద ఒక నెర్రె కనిపించింది, నా బొటనవేలంత వెడల్పు. గట్టుకి సరిసమానంగా, గీత గీసినట్టు ఉంది. అందులోకి ఒక పుల్ల వదిలాను. అది కింద పడిన చప్పుడు వినపడలేదు. భయపడిన దాన్ని ఇంట్లోకి పరిగెత్తాలి కదా, పరిగెత్తలేదు. మామ్మ కంట పడుతుందని దాని మీద ఎండుగడ్డి పరిచాను.

ఆ రోజు తాతయ్య అరుగు మీద కూచున్నాడు. ఏటి వైపు నుంచి దబ్ దబ్ మని మట్టిపెళ్లలు నీళ్లలో పడే చప్పుడు వస్తూనే ఉంది. కళ్లు పోయిన మనిషికి చెవులు మరీ పదును.

"సప్పుడు దగ్గరికొస్తన్నాది. నీ లెక్క మారట్లేదు. ఏటే?" అన్నాడు.

"అవతలొడ్డు కూలతన్నాది తాతా" అన్నాను.

అవతలి ఒడ్డున ఉన్నది ఇసుక తిప్ప. తిప్ప నీళ్లలోకి జారుతుందే గానీ పెళ్లలుగా విరిగి దబ్ మని పడదు. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. నా మాట విని ఆయన నా వైపు ముఖం తిప్పాడు. ఆ పొరల వెనక నుంచి నన్ను చూస్తున్నాడో, నా గొంతు వింటున్నాడో తెలియదు. ఒలే అబద్ధమాడకు అని ఒక్క కేక వేసి ఉంటే బాగుండేది. వెయ్యలేదు. "పొద్దున్న ఆవుని తోలీద్దాం. ఆరున్నా తోలీద్దాం" అని మామ్మతో మాత్రం అన్నాడు. మామ్మ గొణిగింది గానీ కాదనలేదు. వరద తీస్తోంది. ఏరు నడుమెత్తు దిగిపోయింది. ఊరంతా హమ్మయ్య అనుకుంటోంది.

తెల్లారేసరికి మబ్బు విరిగి ఎండ కాసింది. ఎన్ని రోజుల తర్వాతో కాసిన ఎండ. మామ్మ తడిసిన ధాన్యం చాప మీద ఎండబోసి, ఆవుని బయల్దేరదీసే ముందు కడుపునిండా కుడితి పెట్టాలని సాలలోకి వెళ్లింది. కుడితి తాగించి, పేడ తట్ట నెత్తిన పెట్టుకుని, పలుపు విప్పడానికి తాతయ్యని పిలుస్తూ బయటికి వచ్చింది. రెండు అంగలు వేసిందో లేదో, వెనకాల నేల ఒక్కసారి ఉస్సురుమన్నట్టయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. సాల కప్పు నెమ్మదిగా అటు ఒరిగింది. కప్పు, గోడ, కుడితి గోలెం, వాటితో పాటు గుంజకి కట్టేసిన ఆవు, అన్నీ కలిసి కిందికి దిగిపోయాయి. ఆవు ఒకే ఒక్కసారి అరిచింది. పలుపు గుంజకే ఉంది. ఈదడానికి కూడా దానికి వీల్లేకపోయింది.

మామ్మ నెత్తి మీద తట్ట అలాగే ఉంది. వెనక్కి తిరిగి చూసి, తట్ట దించకుండానే కూలబడిపోయింది. "ఓలమ్మో, కడుపుతో ఉన్నాదిరా, కడుపుతో ఉన్నాదిరా" అని ఆవిడ ఏడ్చిన ఏడుపు ఏరు అవతలికి కూడా వినిపించి ఉంటుంది. అవతలి ఊరి పడవవాళ్లు దిగువకి వెళ్లి చాలా దూరం వెతికారు. ఏమీ దొరకలేదు.

ఊరు ఊరంతా చేరింది. కట్టెల వరస సాల మూలకి పక్కగా ఉండడంతో మూడు కట్టెలు ఇంకా నిలిచి ఉన్నాయి. అందరూ వద్దు వద్దంటున్నా తాతయ్య అటు నడిచాడు. కాలితో తడిమి మొదటి కట్టె చూసుకున్నాడు. అక్కడి నుంచి ఒక అంగ వేయబోయాడు. పాదం సగంలోనే రెండో కట్టెకి తగిలింది. ఆగాడు. మూడో కట్టె కోసం మళ్లీ పాదం చాచాడు. అది జానెడు దూరంలోనే ఉంది. అంతమందిలో ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియలేదు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు నా పేరు చెబుతాడు, అనుకుంటూ గోడకి అతుక్కుపోయాను.

ఎవరో వెనక నుంచి, గుడ్డోడు ఏటికి కాపలా కాసినట్టున్నాది అన్నారు. ఇద్దరు ముగ్గురు ఔనన్నారు. ఆవు పోయిన బాధలో మామ్మ కూడా, నీ కట్టెలు కాల, నీ లెక్కలు కాల అని ఆయన్నే తిట్టింది. ఆయన ఆ మూడు కట్టెలూ పీకి, విరిచి, ఏట్లో పారేశాడు. "లెక్క నాదే తప్పిపోనాది" అన్నాడు.

పదిరోజుల్లో ఇల్లు కూడా పోయింది. అప్పటికి మేం ఖాళీ చేసి ఎగువ వీధిలో ఒకరి కొట్టంలో ఉంటున్నాం. ఆ పదిరోజులూ తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరితోనూ చెప్పలేదు. తన్నినా బాగుండుననిపించేది. అన్నం సయించేది కాదు, ఎక్కడ ఆవు అరిచినా చెవులు మూసుకునేదాన్ని. ఒక పొద్దున ఆయన నన్ను పిలిచాడు. చేతిలో ఒక గోగు కట్టెల మోపు ఉంది. కొట్టం నుంచి గట్టు దాకా నా చేత వాటిని పాతించాడు. ఒక్కొక్కటీ పాతాక తనే అంగ వేసి, పాదంతో తడిమి సరిచూసుకున్నాడు. ఆఖరి కట్టె పాతాక నా నెత్తి మీద చెయ్యేశాడు.

"రేపట్నించి నువ్వే లెక్కెట్టాల. తక్కువుంటే తక్కువని సెప్పు. మామ్మ ఏడిస్తే ఏడుస్తాది, ఏడుపు తీరిపోతాది."

అంతే. ఊళ్లో లెక్కపెట్టడం వచ్చిన పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. ఎవరినో ఒకరిని పెట్టుకోవచ్చు. నన్నే పెట్టుకున్నాడు. నేను అప్పుడు ఏడ్చిన ఏడుపుకి కారణం మామ్మ అడిగితే, ముల్లు గుచ్చుకున్నాదని చెప్పాడు. ఆయన పోయే దాకా మేం ఆ సంగతి మాట్లాడుకోలేదు. నేను నోరు విప్పి చెప్పడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు మేముంటున్నది ఆ పాత ఊరికి ఎగువన, ఏటికి చాలా దూరం అనుకుని కట్టుకున్న ఇల్లు. చాలా దూరం అని మేం అనుకున్నాం, ఏరు అనుకోలేదు. మా చిన్నప్పుడు వేసవిలో ఇసుకలో మోచేతి లోతు తవ్వితే చెలమలో తియ్యటి నీళ్లు ఊరేవి. ఇప్పుడు చెలమ తవ్వడానికి ఇసుకే లేదు. ఎగువన ఆనకట్ట దగ్గర కొంత ఆగిపోయింది. మిగిలింది లారీలెక్కి ఊళ్లలో మేడలైంది. వంతెన స్తంభాల కింద ఒకప్పుడు ఇసుకలో కప్పబడి ఉన్న దిమ్మలు ఇప్పుడు పళ్ల చిగుళ్లు దిగిపోయినట్టు బయటపడ్డాయి. పెద్ద వరద రాని ఏడు కూడా గట్టు విరుగుతోంది. ఆకలేసిన ఏరు ఒడ్డుని తింటాది అన్న మాట రోజుకోసారైనా గుర్తొస్తుంది. తాతయ్య దాన్ని ఒక వానాకాలం ఆకలిగా చూశాడు. ఇది ఏడాది పొడవునా ఉన్న ఆకలి.

గోగు వేసేవాళ్లు ఇప్పుడు మా చుట్టుపక్కల లేరు. అందుకని ఇంటి వెనక నుంచి గట్టు దాకా తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్కలు పాతించాను, అంగకొకటి. మా అబ్బాయి, అమ్మ ఏటికి పట్టా రాస్తన్నాది అని అందరి ముందూ ఆటపట్టించాడు. వాడికీ అదే కట్టుబాటు చెప్పాను. ఐదు మిగిలితే సామాను ఎత్తాలి. నవ్వుతూనే సరే అన్నాడు. నాకు మోకాళ్లు సహకరించవు కాబట్టి పొద్దున్నే వెళ్లి లెక్క చూసి వచ్చే పని మా అబ్బాయి కూతురిది. తొమ్మిదేళ్ల పిల్ల. పెరట్లో దాని బాదం మొక్క ఒకటుంది, పోయినేడు తనే నాటింది.

మొన్న వానలు పడి తీశాక ఎన్నే అని అడిగాను.

"ఎనిమిదే మామ్మా, నిన్నటంతే" అంది.

జవాబు రవ్వంత తొందరగా వచ్చింది. ఆ తొందర నాకు తెలుసు. అది బడికి వెళ్లాక కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని, పెరట్లోకి దిగాను. వంగి చూడలేక పాదంతో తడుముకుంటూ వెళ్లాను. ఎనిమిది పైపులూ ఉన్నాయి. నా పాదం సగం అంగలోనే రెండోదానికి తగిలింది.

కింద ఏరు చప్పుడు లేకుండా పోతోంది. తాతయ్య ఆ రోజు ఏ పాదంతో ఎలా నిలబడి ఉంటాడో, ఆయన గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఆయన ఆ ముందు రోజు చప్పుడు విని కూడా నన్ను నమ్మాలనుకున్నాడు. ఒక్క రోజు ఆగాడు. లెక్క నాదే తప్పిపోనాది అన్నది నన్ను కాయడానికి ఆడిన అబద్ధం కాదు, ఆయన మనసులో మాట. నేను ఆ ఒక్క రోజూ ఆగదలచుకోలేదు.

సాయంత్రం మనవరాలు బడి నుంచి రాగానే పెరట్లోకి తీసుకెళ్లి, పైపులన్నీ దాని చేతే పీకించి, అంగకొకటిగా గట్టు అంచు దాకా పట్టినన్నే మళ్లీ పాతించాను. నేను పాదంతో సరిచూశాను. దాని నెత్తి మీద చెయ్యేశాను.

"ఇప్పుడు ఎన్నున్నాయో సూసి సెప్పమ్మా. తక్కువుంటే తక్కువని సెప్పు."

అది వెక్కుతూ మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి లెక్కపెట్టింది. ఐదు అంది.

బాదం మొక్కని వేళ్లతో సహా తవ్వి బకెట్లో పెట్టుకుంది. ఇది రాస్తుంటే పక్క గదిలో మా కోడలు గిన్నెలు గోనె సంచుల్లో సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.